పాత ఫోనే మీ సొంత వెబ్‌సర్వర్: ఎలా? ఎంతవరకు?

జహీరాబాద్ దగ్గర మాచ్నూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల సభ్యులు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న ప్రసారాలు మొదలుపెట్టింది. తమ మాట తామే వినిపించుకోవడానికి వారికి లైసెన్సు, టవరు, ట్రాన్స్‌మిటర్ కావాల్సి వచ్చాయి. మీ దగ్గరున్న పాఠాలు, దరఖాస్తు ఫారాలు చుట్టూ ఉన్న పదిమందికి అందించాలంటే మాత్రం మూలన పడి ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ చాలు. డేటా ప్యాక్ కూడా అక్కర్లేదు.

వెబ్‌సర్వర్ అంటే ఏమిటి?
బ్రౌజర్ అడిగిన పేజీని పంపే ప్రోగ్రామే వెబ్‌సర్వర్. నోకియా పరిశోధకులు 2006లోనే అపాచీ వెబ్‌సర్వర్‌ను సింబియన్ ఫోన్‌లో నడిపించారు. ఇప్పటి ఫోన్లకు అది చిన్న పనే.

ఎలా పెట్టుకోవాలి?
• ఎఫ్-డ్రాయిడ్ నుంచి టెర్మక్స్ యాప్ వేసుకుని, అందులో పైథాన్ ఇన్‌స్టాల్ చేయండి.
• పంచదలచిన ఫైళ్లను విడిగా ఒక ఫోల్డర్‌లో పెట్టి, పైథాన్‌తో వచ్చే చిన్న వెబ్‌సర్వర్‌ను అక్కడ మొదలుపెట్టండి.
• హాట్‌స్పాట్ ఆన్ చేయండి. కనెక్ట్ అయినవాళ్లు మీ ఫోన్ ఐపీ అడ్రస్, పక్కన కోలన్, 8000 అని బ్రౌజర్‌లో టైప్ చేస్తే ఫైళ్లు కనిపిస్తాయి.
• వాళ్ల ఫోన్‌లో ‘ఇంటర్నెట్ లేదు’ అని వస్తే, కనెక్షన్ అలాగే ఉంచమనండి.

బయటి ఊళ్లవాళ్లు చూడగలరా?
నేరుగా కష్టం. మొబైల్ నెట్‌వర్క్‌లో సాధారణంగా ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది వినియోగదారులు పంచుకుంటారు. అందుకే బయటి నుంచి వచ్చే అభ్యర్థన మీ ఫోన్ దాకా చేరదు. క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ వంటి సేవతో దారి ఏర్పాటు చేసుకోవచ్చు. అప్పుడు మీ ఫైళ్లు ప్రపంచం మొత్తానికీ తెరిచినట్టేనని గుర్తుంచుకోండి.

ఈ జాగ్రత్తలు తప్పనిసరి
• పైథాన్ సర్వర్ పాస్‌వర్డ్ అడగదు. ఫోల్డర్‌లో ఉన్నవన్నీ అందరికీ కనిపిస్తాయి. ఆధార్ కాపీలు, బ్యాంకు పత్రాలు, కుటుంబ ఫొటోలు అందులో ఉండకూడదు.
• హాట్‌స్పాట్‌కు గట్టి పాస్‌వర్డ్ పెట్టండి. పని అయ్యాక సర్వర్‌ను ఆపేయండి.
• పాత ఫోన్‌ను రోజుల తరబడి ఛార్జింగ్‌లో వదిలేయొద్దు. బ్యాటరీ ఉబ్బితే వెంటనే వాడకం మానేయండి.
• ఫోన్ ఆగితే సర్వరూ ఆగుతుంది. ముఖ్యమైన ఫైళ్ల కాపీ మరోచోట ఉంచుకోండి.

ట్యూషన్ చెప్పేవారికి, గ్రంథాలయాలకు, అపార్ట్‌మెంట్ సంఘాలకు ఇది బాగా పనికొస్తుంది. పెద్ద వెబ్‌సైట్‌కు మాత్రం ప్రత్యామ్నాయం కాదు.