మోదుగచెట్టు ఇంటిపేరు

ఫాల్గుణ మాసమున తెలంగాణపు మిట్టలమీదుగా గాని, తూర్పు కనుమల మన్యపు దారుల వెంట గాని ప్రయాణము చేసినవారికి మోదుగచెట్టును పరిచయము చేయవలసిన పని లేదు. ఆకు రాలి, వంకరటింకర కొమ్మలతో, ఏ అందమునకును నోచుకొననట్లు నిలిచియుండిన చెట్టు కొలది దినములలో నిలువెల్ల ఎఱ్ఱబారును. అడవికి నిప్పంటుకొన్నట్లున్నదని కవులు వర్ణించునది ఈ పూతనే. సంస్కృతమున దీనికి పలాశమని పేరు, కింశుకమనియు పేరు. పూరేకు చిలుకముక్కువలె వంగియుండుటచేత, ‘ఇది చిలుకయా యేమి?’ అను ప్రశ్నయే పేరుగా నిలిచినదని పెద్దలు చెప్పుదురు. వటువు చేత పట్టు దండము మోదుగది. హోమమున వేయు సమిధలలో మోదుగ ఒకటి. పంక్తిలో వడ్డనకు కుట్టిన విస్తరి మోదుగాకులది. హోళీనాటి రంగునకు పల్లెలలో మోదుగపూలనే కాచెడివారు.

ఇన్ని పేర్లును ఇన్ని పనులును గల చెట్టును వృక్షశాస్త్ర గ్రంథములలో వెదకబోయిన వానికి కనబడు పేరు ‘బ్యూటియా మోనోస్పెర్మా’. శాస్త్రజ్ఞులు చెట్టునకు రెండు మాటల పేరు పెట్టుదురు. మొదటిది ప్రజాతి నామము, రెండవది జాతి నామము. ఈ క్రమము తెలుగువారికి కొత్త కాదు. మనమును ఇంటిపేరు ముందు చెప్పి, సొంతపేరు వెనుక చెప్పుకొనువారమే. ఇందు సొంతపేరైన మోనోస్పెర్మాకు ‘ఒకే విత్తనము గలది’ అని అర్థము. మోదుగకాయను చూచినవారు ఇది నిజమేనందురు. ఇంటిపేరైన బ్యూటియా మాత్రము చెట్టును గూర్చి గాని, పూవును గూర్చి గాని ఏమియు చెప్పదు. అది ఒక మనుష్యుని పేరు. ఆ మనుష్యుడు మన దేశమున అడుగుపెట్టినవాడు కాడు.

ఆయన బ్యూట్ ప్రభువు జాన్ స్టూవర్టు. 1713లో జన్మించి 1792లో మరణించిన స్కాట్లండు దేశీయుడు. 1762 మేలో బ్రిటిషు ప్రధానమంత్రియై, ఏడాది నిండక పూర్వమే 1763 ఏప్రిల్‌లో పదవి విడిచెను. రాజకీయమున ఆయనకు మంచిపేరు దక్కలేదు. చెట్లయందు మాత్రము ఆయనకు గల ప్రీతి నిజమైనది. లండను చెంతనున్న క్యూ ఉద్యానము పెంపొందుటకు రాకుమారి అగస్టాకు సలహాదారుగా నిలిచెను. వార్ధక్యమున బ్రిటనులోని మొక్కలను గూర్చి తొమ్మిది సంపుటముల గ్రంథమును స్వంత వ్యయముతో అచ్చొత్తించి, పండ్రెండు ప్రతులు మాత్రమే తీయించెను. ఇంకొక విశేషము గలదు. ఆయన ప్రధాని యగుటకు ఐదేండ్లు ముందు, 1757లో, కుంఫిణీవారికి వంగదేశమును చేజిక్కించిన యుద్ధము ప్లాసీ అను పల్లెలో జరిగినది. వంగభాషలో ఆ ఊరు పలాశీ. పలాశ వృక్షముల వలననే దానికి ఆ పేరు వచ్చినదందురు. ఊరునకు చెట్టు పేరు నిలిచినది. చెట్టునకు మాత్రము ప్రభువుగారి పేరు పడినది.

ఈ పేరు లండనులో పుట్టినది కాదు. దాని కథ మన కోరమండల తీరముననే నడచినది. యోహాన్ గెర్‌హార్డ్ కోనిగ్ అను వైద్యుడు 1768లో తరంగంబాడిలోని డేనిషు క్రైస్తవ సంఘమునకు వైద్యుడుగా వచ్చెను. మొక్కలకు రెండు మాటల పేర్ల పద్ధతిని స్థిరపరచిన స్వీడను దేశపు మహావిద్వాంసుడు లిన్నేయస్ ఈయనకు గురువు. మన కరివేపాకు శాస్త్రనామములో ‘కోనిగి’ అను మాట ఈ శిష్యుని తలచి గురువు చేర్చినదే. కోనిగ్ పిమ్మట ఆర్కాటు నవాబు కొలువునందును, కుంఫిణీ కొలువునందును ఉండి, దక్షిణదేశమంతయు తిరిగి, 1785లో కాకినాడ జగన్నాథపురమున కన్ను మూసెను. ఆ కడపటి రోజులలో ఆయన చెంతనున్న మిత్రుడు విలియం రాక్స్‌బరో. పాత గ్రంథములు బ్యూటియా అను పేరును ఈ ఇద్దరి పేర్లును జతచేసి ముద్రించినవి.

రాక్స్‌బరో 1776లో మద్రాసునకు వచ్చిన స్కాట్లండు వైద్యుడు. సామర్లకోటలో చాలకాలము నివసించి, అక్కడ మిరియము మొదలుగాగల పైరులను పరీక్షించుచు, చుట్టుపట్ల సర్కారు జిల్లాల మొక్కలను ఒక్కొక్కటిగా పరిశీలించి వ్రాసికొనెను. మన మొక్కల తెలుగు పేర్లను ఆయన ఎంత ఓపికగా సేకరించెనో ఆయన గ్రంథములు తిరుగవేసిన వారికి తెలియును. కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ పత్రిక మూడవ సంపుటమున, 1792లో, ఈ ఒక్క ప్రజాతిని గూర్చియే ఆయన వ్యాసము వెలువడినది. ఆ వ్యాసమున వర్ణన ఆరంభించునదే తెలుగువారు దీనిని ‘మదుగ’ అందురని. ఆంగ్లేయులు ఆనాడు తెలుగువారిని జెంటూలనెడివారు. ఆయన వాడిన మాటయు అదియే. పల్లపు భూములలో ఈ చెట్టు తక్కువ, కొండలలో ఎక్కువ అనియు, చలికాలమున ఆకు రాల్చుననియు ఆయన గమనించినది నేటికిని నిజమే.

ఆ వ్యాసమున నాకు మిక్కిలి నచ్చినది పేరుకంటె రంగు. రాక్స్‌బరో పూలను నీట నానవేసి, పటిక పట్టించిన నూలుబట్టను అందు ముంచి చూచెను. చక్కని పచ్చవన్నె వచ్చినది. క్షారము కొంచెము కలిపినచో అది నారింజవైపు తిరిగినది. బెరడునుండి కారు ఎఱ్ఱని జిగురును తీసి దేనిలో కరగునో పరీక్షించెను. సన్నని రెమ్మలపై లక్కపురుగు చేరుననియు చెప్పెను. కుంఫిణీ కొలువున నున్నవాడు గనుక, ప్రతి మొక్కయందును వర్తకమునకు పనికివచ్చునది ఏదియని చూచుట ఆయనకు తప్పనిసరి. అయినను ఆ వాక్యములలో కొలువు ఒక్కటే కాదు, కుతూహలమును కనబడును.

1795లో కోరమండల తీరపు మొక్కల గ్రంథము లండనున వెలువడ నారంభించినది. 1820లో ముగిసిన ఆ గ్రంథము మూడు సంపుటములందు మూడువందల వర్ణచిత్రములు కలవు. మోదుగ చిత్రము మొదటి సంపుటములోనిదే. ఆ బొమ్మలకు మూలములైన చిత్రములను వ్రాసినవారు మన దేశపు చిత్రకారులు. వారి పేర్లను గ్రంథము చెప్పలేదు.

ఇంతకు, రాక్స్‌బరో మోదుగకు వేరొక ఇంటిపేరు ఎందుకు అవసరమని తలచెను? ఆయనకు కొంచెము ముందే, 1783–85 నడుమ వెలువడిన తన వృక్షనిఘంటువు మొదటి సంపుటమున, ఫ్రాన్సు దేశపు లామార్కు ఈ చెట్టును బాడిద చెట్ల ప్రజాతిలో చేర్చి ‘ఎరిత్రైనా మోనోస్పెర్మా’ అనియుండెను. ఆయన పొరబడుటలో ఆశ్చర్యము లేదు. బాడిదకును మూడేసి ఆకులే, మోదుగకును మూడేసి ఆకులే. రెండును ఎఱ్ఱగా పూయును. లిన్నేయస్ లెక్క ప్రకారము కేసరములు లెక్కించినను భేదము తేలదు. రెండింటను పదేసి, అందు తొమ్మిది కలిసి, ఒకటి విడిగా. భేదము కాయలో నున్నది. బాడిదకాయ విత్తనము విత్తనమునకు నడుమ నొక్కబడి, పలు గింజలతో పొడవుగా నుండును. మోదుగకాయ పలుచని రెక్కవలె నుండి, కొసయందు మాత్రము ఒకే గింజను దాచుకొనును. గాలికి ఎగురుటకు అనువైన కాయ అది. పూవును చూచి మోసపోవచ్చును గాని, కాయ పండువరకు కాచుకొన్నవాడు ఈ రెండును ఒక ఇంటివి కావని చెప్పగలడు. చెట్ల నడుమ ఏండ్ల తరబడి ఉన్న రాక్స్‌బరోకు ఆ అవకాశము కలిగినది.

వర్గీకరణ ఈ విధముగా సరియైనది. పేరు సంగతి వేరు. ఈ చెట్టునకు ఐరోపా గ్రంథములలో అంతకు పూర్వమే ఒక పేరు కలదు. కొచ్చిలో డచ్చివారి అధికారియైన వాన్ రీడ్ 1678 మొదలు 1693 వరకు పండ్రెండు సంపుటములుగా వెలువడిన ‘హోర్తుస్ మలబారికుస్’ అను గ్రంథమును సమకూర్చెను. ఆయనకు మొక్కల గుణములను చెప్పినవాడు ఇట్టి అచ్యుతన్ అను మలయాళ వైద్యుడు. సహాయపడినవారు రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అను కొంకణి బ్రాహ్మణులు. వారి పేర్లు ఆ గ్రంథమున మర్యాదగా అచ్చుపడినవి. సామర్లకోట చిత్రకారులకు ఈ భాగ్యము కలుగలేదు. అందు మోదుగకు పేరు ‘ప్లాసో’. మలయాళమున నేటికిని ప్లాశు అందురు. పలాశమునకు అది సోదరి. 1763లో ఫ్రెంచి విద్వాంసుడు అడాన్సను ఆ మాటనే తీసికొని ప్రజాతి నామముగా ప్రకటించెను. దేశీయుల పేర్లు విడువరాదన్నది అడాన్సను పట్టుదల. లిన్నేయస్ మతము ఇందుకు విరుద్ధము. గ్రీకు, లాటిను భాషలనుండి పుట్టని ప్రజాతి నామములు అనాగరికములని 1737లోనే ఆయన శాసించెను.

శాస్త్రమున ఏ పేరు ముందు ప్రకటింపబడినదో అదియే నిలువవలెనన్నది ధర్మము. ఈ ధర్మము చొప్పున రాక్స్‌బరో ఉంచిన ‘ఫ్రాండోజా’ అను సొంతపేరు తరువాత తొలగిపోయినది. లామార్కు పెట్టిన మోనోస్పెర్మా అంతకు ముందుది గనుక తిరిగి వచ్చినది. 1894లో టౌబర్టు అను జర్మను శాస్త్రజ్ఞుడు బ్యూటియా మోనోస్పెర్మా అనియే వ్రాసెను. ఇదే ధర్మము ఇంటిపేరునకును వర్తించినచో 1763 నాటి ప్లాసో నిలువవలెను, బ్యూటియా తొలగవలెను. ఎందుకనగా విల్డెనో బెర్లినులో బ్యూటియాను తన గ్రంథమున చేర్చిన 1802వ సంవత్సరమునే నేడు ఆ పేరునకు ప్రకటన సంవత్సరముగా లెక్కింతురు. 1891లో ఒట్టో కుంట్సే అను జర్మను విద్వాంసుడు ఈ వాదమునే చేసి ప్లాసోను తిరిగి ఎత్తెను. ఆయన మోదుగతో ఆగక, వేలకొలది మొక్కల పేర్లను తలక్రిందులు చేయబూనెను. శాస్త్రజ్ఞులు కలవరపడిరి. 1905లో వియన్నా నగరమున జరిగిన మహాసభ, వాడుకలో స్థిరపడిన కొన్ని పేర్లను వెనుకటివైనను రక్షింపవచ్చునని నిర్ణయించినది. అట్టి రక్షిత నామములలో నేడు బ్యూటియా ఒకటి. ప్లాసో తిరస్కృత నామము.

ఒకే చెట్టు పేరున రెండు మాటలున్నవి. ఒక మాటకు ధర్మము వర్తించినది. రెండవ మాటకు మినహాయింపు దొరకినది. మినహాయింపునకు కారణము అన్యాయబుద్ధి అని నేను అనను. పేర్లు మాటిమాటికి మారినచో వైద్యుడును, అటవీశాఖవారును, రంగుల వర్తకుడును ఒకరి మాట ఒకరు ఎరుగకుందురు. కాని ఏ పేరు వాడుకలో స్థిరపడినది, ఎవరి వాడుకలో స్థిరపడినది అని అడిగినచో, ఐరోపా గ్రంథాలయముల వాడుకలో అనియే ఉత్తరము. గోదావరి మన్యమున ఎవరును బ్యూటియా ఆకులతో విస్తరి కుట్టలేదు.

ఈ అభ్యంతరము మన కాలమున పుట్టినది కాదు. రాక్స్‌బరో వ్యాసమును ప్రకటించిన ఏషియాటిక్ సొసైటీకి ఆనాటి అధ్యక్షుడు సర్ విలియం జోన్సు. సంస్కృతము నేర్చిన ఆ న్యాయమూర్తి, భారతదేశపు మొక్కలకు భారతీయ నామములే ఉంచవలెననియు, లిన్నేయస్‌కు సంస్కృతము తెలిసియుండినచో ఆయనయు అట్లే చేసియుండుననియు, మిత్రులును గొప్పవారును తమ పేర్లను తమ యోగ్యత చేతనే నిలుపుకొనవలెననియు అదే పత్రికలో వ్రాసెను. ఆ మాటలు నాలుగవ సంపుటమున, 1795లో అచ్చుపడినవి. అంతకు ముందేడే, 1794లో, జోన్సు మరణించెను. అదే నాలుగవ సంపుటమున రాక్స్‌బరో అశోకవృక్షమును వర్ణించుచు, గౌరవసూచకముగా దానికి ‘జోన్సియా అశోక’ అని పేరిడెను! ఏ పద్ధతిని జోన్సు వలదనెనో ఆ పద్ధతియే ఆయనకు నివాళి యైనది. ఆ పేరు నిలువలేదు. లిన్నేయస్ 1767లోనే ఉంచిన ‘సరాకా’ ముందుది గనుక అశోకము నేడు ‘సరాకా అశోక’. అక్కడ ధర్మము వర్తించుటయు, మన అశోక శబ్దము మిగులుటయు రెండును జరిగినవి.

బ్యూటియా ప్రజాతిలో మోదుగ ఒక్కటియే లేదు. అడవిలో పెద్దచెట్లను పెనవైచుకొని ప్రాకు ఎఱ్ఱపూల తీగ ఒకటి కలదు. రాక్స్‌బరో దానికి ‘బ్యూటియా సూపర్బా’ అని పేరిడి, కోరమండల గ్రంథమున మోదుగ చిత్రము వెనువెంటనే దాని చిత్రమును చేర్చెను. ఒకటి చెట్టు, ఒకటి తీగ. ఐనను ఆకును, పూవును, కాయను పోల్చి చూచి, రెండును ఒకే ఇంటివని ఆయన తేల్చెను. చిన్నపూలు పూయు మఱియొక తీగను గూడ ఆయన ఈ ఇంటనే చేర్చియుండెను గాని, పిమ్మటివారు దానిని స్పాథోలోబస్ అను వేరొక ప్రజాతికి పంపివేసిరి. ఎఱ్ఱపూల తీగ మాత్రము నేటికిని మోదుగకు తోడుగానే ఉన్నది. అడవి ఎఱిగిన తెలుగువారు దానిని పిలుచు పేరు తీగమోదుగ.