మడమ నుంచి తీసిన రక్తపు చుక్క

పుట్టిన కొద్దిరోజులకే బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్క, పాతికేళ్ల తర్వాత ఏం చెప్పగలదు? ఇవాళ్టి ఎపిసోడ్ దాని గురించే.

1960ల మొదట్లో అమెరికాలో రాబర్ట్ గత్రీ అనే సైంటిస్ట్ ఓ సింపుల్ ఐడియా తెచ్చాడు. ఫిల్టర్ పేపర్ మీద రక్తపు చుక్కని ఆరబెట్టి, పీకేయూ అనే పుట్టుకతో వచ్చే జబ్బుని ముందే పట్టేయడం. టెస్ట్ అయ్యాక ఆ పేపర్‌తో పనేముంది, పడేయొచ్చు కదా? డెన్మార్క్ పడేయలేదు. 1982 నుంచి ఫ్రీజర్లలో దాస్తూ వచ్చింది.

ఆ పిల్లలు పెద్దయ్యారు. కొందరికి మల్టిపుల్ స్క్లెరోసిస్ వచ్చింది. అంటే, మనల్ని కాపాడాల్సిన ఇమ్యూన్ సిస్టమే నరాల పైపొరని దెబ్బతీసే జబ్బు. ఎండ తక్కువుండే ఉత్తరాది దేశాల్లో ఇది ఎక్కువ. ఎండ అనగానే విటమిన్ డి గుర్తొస్తుంది కదా? సో, దాచిన చుక్కల్లో డి ఎంతుందో కొలిచారు. 521 మంది పేషెంట్లవి, జబ్బు లేని 972 మందివి. 2017లో అచ్చయిన రిజల్ట్: డి బాగా ఉన్న గ్రూపుకి, బాగా తక్కువున్న గ్రూపుతో పోలిస్తే రిస్క్ దాదాపు సగమే.

ఇక్కడే ట్విస్ట్. పక్క దేశం స్వీడన్ కూడా ఇలాగే కొలిచింది, 2014లో. అక్కడ ఏ లింకూ కనబడలేదు.

పుట్టే బిడ్డకి డి అందేది అమ్మ నుంచే. అలాగని ఇంట్లో గర్భిణి ఉంటే, ఈ వీడియో చూసి మెడికల్ షాపులో 60,000 యూనిట్ల గోళీలు కొనేయకండి. లింక్ కనబడటం వేరు, కారణం తేలడం వేరు. డోసు సంగతి డాక్టర్‌నే అడగండి.