డబ్బా చేప, డబ్బా సూపు: ట్యూనా నూడిల్ క్యాసరోల్ పూర్వచరిత్ర

ఉడికించిన గుడ్డు నూడిల్స్‌ను, డబ్బాలో అమ్మే ట్యూనా చేప ముక్కలను, పుట్టగొడుగుల చిక్కటి సూపును కలిపి, లోతైన గాజు పాత్రలో సర్ది, పైన రొట్టె పొడి గానీ నలిపిన ఆలుగడ్డ చిప్స్ గానీ చల్లి, ఓవెన్‌లో సుమారు అరగంట సేపు కాల్చితే తయారయ్యే అమెరికన్ వంటకాన్ని ట్యూనా నూడిల్ క్యాసరోల్ అంటారు. 20వ శతాబ్దం నడిమి దశాబ్దాల్లో ఆ దేశపు సామాన్య కుటుంబాల్లో, పని నుంచి అలసి వచ్చిన పెద్దలకూ బడి నుంచి ఆకలితో వచ్చిన పిల్లలకూ వారం మధ్యలో వడ్డించే వేడి భోజనంగా ఇది స్థిరపడింది. పాకశాస్త్ర పండితులు దీనిని చాలాకాలం చిన్నచూపు చూశారు గానీ, ఒక దేశం తన రోజువారీ భోజనాన్ని కర్మాగారాలకు ఎలా అప్పగించిందో తెలుసుకోదలచిన చరిత్రకారుడికి ఇంతకన్నా మంచి ఆధారం దొరకడం కష్టం. దీని మూలాలు వంటగదిలో కన్నా రేవుల్లోనే ఎక్కువగా ఉన్నాయి.

ట్యూనా అన్నది ఒక చేప పేరు కాదు, ఒక చేపల సమూహం పేరు. ఆంధ్ర తీరంలోని మత్స్యకారులు సూర అని పిలిచే చేపలు ఈ సమూహానికి చెందినవే. 20వ శతాబ్దం ఆరంభంలో అమెరికన్లలో అత్యధికులు దానిని తినదగిన చేపగా ఎంచలేదు. లాస్ ఏంజెలిస్ నగరపు రేవైన శాన్ పెడ్రోలో సార్డీన్లను, అంటే మన కవళ్ల వంటి చిన్న చేపలను, డబ్బాల్లో నింపే కంపెనీ ఒకటి ఉండేది. 1903లో సార్డీన్లు సరిగా దొరకనప్పుడు, ఖాళీగా మిగిలిన డబ్బాలను ఏదో ఒక చేపతో నింపే ప్రయత్నంలో ఆ కంపెనీకి చెందిన ఆల్బర్ట్ హాఫ్‌హిల్ ఆల్బకోర్ అనే జాతి ట్యూనాను ఆవిరిపై ఉడికించి చూడగా, దాని మాంసం కోడి మాంసంలా తెల్లబడి, చేప రుచి బాగా తగ్గిపోయింది. సముద్రానికి దూరంగా బతికే కోట్లాది జనానికి అచ్చంగా అటువంటి చేపే కావలసి వచ్చింది. మొదట కొన్ని వందల పెట్టెలతో మొదలైన ఈ వ్యాపారం, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల ఆహారం కోసం డబ్బా మాంసానికి గిరాకీ పెరగడంతో ఒక పరిశ్రమగా ఎదిగింది.

ఆ పరిశ్రమను నిలబెట్టినవారిలో జపాన్ నుంచి వలస వచ్చిన బెస్తవారిది ప్రముఖ స్థానం. శాన్ పెడ్రో ఎదుట ఉన్న టెర్మినల్ ఐలాండ్ అనే దీవిలో వారి పల్లె వెలిసింది. వారిలో చాలామంది జపాన్‌లోని వాకయామా ప్రాంతపువారు. ట్యూనా మందను కనిపెట్టగానే బతికున్న చిన్న చేపలను ఎరగా నీళ్లలోకి విసిరి, మంద పైకి ఎగబడినప్పుడు వెదురు గడలకు కట్టిన ముల్లులేని గాలాలతో ఒక్కొక్క చేపను పడవలోకి విసురుగా లాగివేయడం వారు నైపుణ్యంతో సాగించిన పద్ధతి. గాలానికి ముల్లు లేనందువల్ల చేప పడవలో పడగానే దానంతటదే ఊడిపోయేది, గడ వెంటనే మళ్లీ నీటి మీదికి వెళ్లేది. పురుషులు సముద్రం మీద ఉండగా, స్త్రీలు క్యానరీల్లో, అంటే చేపలను శుభ్రం చేసి డబ్బాల్లో నింపి మూతలు బిగించే కర్మాగారాల్లో, పనిచేసేవారు. పడవ ఏ వేళకు రేవు చేరితే ఆ వేళకే క్యానరీ కూత కూసేది. ఒక్కొక్క క్యానరీకి ఒక్కొక్క రకపు కూత ఉండేది కాబట్టి, అర్ధరాత్రి అయినా తమ కూతను గుర్తుపట్టి ఆ స్త్రీలు లేచి పనికి వెళ్లేవారు. దూరపు పట్టణంలో గృహిణి నిమిషంలో తెరిచే డబ్బా వెనుక ఇంత శ్రమ ఉన్న సంగతి ఆ డబ్బా మీది కాగితం చెప్పేది కాదు.

రెండో ముఖ్య పదార్థం దేశం అవతలి కొస నుంచి వచ్చింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని క్యామ్డెన్‌లో క్యాంప్‌బెల్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జాన్ డోరన్స్ 1897లో సూపులోని నీటిని బాగా తగ్గించి గాఢం చేసే విధానాన్ని రూపొందించాడు. డబ్బా చిన్నదై, రవాణా ఖర్చు తగ్గి, ధర పది సెంట్లకు దిగింది. అదే కంపెనీ 1934లో పుట్టగొడుగుల క్రీము సూపును విడుదల చేసింది. దానిలో నీళ్లు కలిపి తాగేవారికన్నా, నీళ్లు కలపకుండానే వంటలో వాడేవారే దాని అసలు విలువను గ్రహించారని చెప్పాలి. అంతకు ముందు ఇటువంటి వంటకాలకు వెన్నలో మైదా వేయించి, పాలు కొద్దికొద్దిగా పోస్తూ, ఉండ కట్టకుండా కలుపుతూ తెల్ల సాస్ తయారుచేయవలసి వచ్చేది. ఆ పనిని డబ్బా సూపు తప్పించింది. అందులోని పిండి పదార్థం ఓవెన్ వేడికి కూడా విరగకుండా పాలనూ కొవ్వునూ పట్టి ఉంచుతుంది, నూడిల్స్ ఆ తడిని పీల్చుకుని పూర్తిగా ఉడుకుతాయి. అందుకే వాటిని ముందుగా కొంచెం పలుకుగా దించాలని అనుభవజ్ఞులు చెబుతారు.

సూపు రాకముందే వంటకం ఉంది. నూడిల్స్‌నూ ట్యూనానూ క్యాసరోల్‌గా వండే విధానం ఒకటి 1930లోనే పడమటి తీరపు సన్‌సెట్ పత్రికలో అచ్చయింది. దానిని పంపినది వాషింగ్టన్ రాష్ట్రంలోని కెన్నెవిక్ పట్టణపు గృహిణి. గుడ్డు నూడిల్స్ జర్మన్, యూదు వలసదారుల ఇళ్ల నుంచి అప్పటికే సాధారణ వంటల్లోకి వచ్చి చేరాయి. వేడికి పగలని పైరెక్స్ గాజు పాత్రలు 1915 నుంచి మార్కెట్‌లో ఉన్నందువల్ల, కాల్చిన పాత్రనే నేరుగా భోజనాల బల్ల మీద పెట్టే అలవాటు వ్యాపించింది. 1930ల ఆర్థిక మాంద్యంలో ఒక్క చిన్న డబ్బా చేపతో కుటుంబమంతటికీ కడుపు నింపగలగడం చిన్న మేలు కాదు. శుక్రవారాల్లో మాంసం మానే నియమాన్ని పాటించే క్యాథలిక్ కుటుంబాలకు, 1966లో అమెరికన్ బిషప్పులు ఆ నియమాన్ని సడలించేవరకు, ఇది మరింత అక్కరకు వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం ఈ కథలోకి అన్యాయాన్ని తెచ్చింది. పెర్ల్ హార్బర్ దాడి తరువాత, 1942 ఫిబ్రవరిలో, టెర్మినల్ ఐలాండ్‌లోని సుమారు 3,000 మంది జపనీయ సంతతివారిని 48 గంటల్లో దీవి ఖాళీ చేయమని ప్రభుత్వం ఆదేశించింది. పడవలు, వలలు, సామాన్లు వచ్చిన ధరకు తెగనమ్ముకుని వెళ్లిన ఆ కుటుంబాల్లో అనేకం నిర్బంధ శిబిరాలకు చేరగా, వారి ఇళ్లను కూల్చివేశారు. యుద్ధానంతరం తిరిగి వచ్చిన తొరావో తకహాషి అనే బెస్తవాడికి, పౌరసత్వానికి అనర్హుడన్న కారణంతో కాలిఫోర్నియా రాష్ట్రం చేపలు పట్టే లైసెన్సు నిరాకరించింది. ఆయన న్యాయపోరాటం చేసి 1948లో అమెరికా సుప్రీంకోర్టులో గెలిచాడు. పల్లె మాత్రం మళ్లీ లేవలేదు. సరిగ్గా ఆ తరువాతి దశాబ్దంలోనే ట్యూనా క్యాసరోల్ అమెరికా అంతటా ఇంటింటి వంటకం అయింది.

వంట పుస్తకాలు ఈ వంటకపు ఘనతను సూపు కంపెనీకీ గృహిణి నేర్పుకూ పంచాయి. వెదురు గడ పట్టినవారినీ కూతకు లేచినవారినీ విస్మరించాయి. ఆ లెక్క సరికాదు. క్యానరీలు 1950ల నుంచి క్రమంగా అమెరికన్ సమోవా వంటి పసిఫిక్ దీవులకూ ఆసియా దేశాలకూ తరలిపోగా, శాన్ పెడ్రో రేవులో చివరి ట్యూనా క్యానరీ 2001లో మూతపడింది. టెర్మినల్ ఐలాండ్‌లోని ట్యూనా స్ట్రీట్ అనే వీధిలో జపనీయ పల్లె కాలపు దుకాణ భవనాలు రెండు మాత్రమే మిగిలాయి; అమెరికాలో అంతరించే ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో వాటిని 2025లో చేర్చారు.