యాభై ఐదా, అరవై రెండా?

1983 ఫిబ్రవరి 28 సాయంత్రం ఆంధ్రప్రదేశ్ సర్కారు ఆఫీసుల దగ్గర పూలదండలకు కరువొచ్చే ఉంటుంది. ఆ ఒక్కరోజే 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు, మరో 10 వేల మంది ప్రభుత్వ రంగ సంస్థల సిబ్బంది కుర్చీలు ఖాళీ చేశారు. అప్పటికి ఏడు వారాల కిందట, జనవరి 9న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎన్టీ రామారావు పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు దించేశారు. కుర్రాళ్లకు కొలువులు దొరకాలంటే పెద్దవాళ్లు పక్కకు తప్పుకోవాలన్నది ప్రభుత్వ వాదన. ఇంకా మూడేళ్ల సర్వీసుంది కదా అని కూతురి పెళ్లికీ ఇంటి అప్పుకీ లెక్కలు వేసుకున్న గుమస్తాకు ఆ వాదన ఎంత రుచించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కె.నాగరాజ్ కేసుగా పేరుబడ్డ ఆ వ్యాజ్యంలో 1985 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్ తీర్పిచ్చారు. వయసును తగ్గించే అధికారం ప్రభుత్వానికి ఉందన్నారు. ఇక్కడో తమాషా ఉంది. తీర్పు వచ్చేలోపే రాష్ట్రంలో గాలి మారి, విరమణ వయసు మళ్లీ 58కి చేరిపోయింది. మరి మధ్యలో, అంటే 1983 ఫిబ్రవరికీ 1984 ఆగస్టుకీ నడుమ, ఇంటికి పోయినవాళ్ల సంగతేమిటి? వాళ్లు మళ్లీ కోర్టుకెక్కారు. బి.ప్రభాకరరావు కేసులో జస్టిస్ ఒ.చిన్నపరెడ్డి 1985లో వాళ్ల మొర ఆలకించారు. ఆ పద్దెనిమిది నెలల్లో చిక్కుకున్నవాళ్లేం పాపం చేశారు, వాళ్లకూ 58 వర్తించాల్సిందేనన్నది ఆ తీర్పు సారం.

ఖజానా కళ్లతో చూస్తే 1983 నిర్ణయం విడ్డూరమే. మనిషిని మూడేళ్లు ముందు ఇంటికి పంపితే మూడేళ్లు ముందుగానే పెన్షన్ మొదలవుతుంది. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, మిగిలిన అర్జిత సెలవుల సొమ్ము ఒక్కసారిగా మీద పడతాయి. ఖాళీ అయిన కుర్చీలో కొత్త మనిషి కూర్చుంటే అతని జీతం అదనం. ఈ లెక్క ఆ తర్వాతి ప్రభుత్వాలకు బాగానే తలకెక్కింది. అందుకే వయసు మళ్లీ ఎప్పుడూ కిందికి రాలేదు.

పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేదైతే ఇంత చిక్కే ఉండేది కాదు. కాదని తేల్చినదీ చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనమే. రక్షణ శాఖలో ఆర్థిక సలహాదారుగా చేసి 1972లో రిటైరైన డి.ఎస్.నకారా వేసిన కేసు అది. పెన్షన్ లెక్కగట్టే పద్ధతిని 1979లో కేంద్రం ఉదారంగా మార్చింది. అయితే ఆ ఏడాది మార్చి 31న గానీ ఆ తర్వాత గానీ రిటైరైనవాళ్లకే అంటూ గీత గీసింది. ఒక్కరోజు ముందు దిగిపోయినవాడికి పాత లెక్కే. 1982 డిసెంబరు 17న జస్టిస్ డి.ఎ.దేశాయ్ రాసిన తీర్పు ఆ గీతను చెరిపేసింది. చేసిన సేవకు తర్వాత అందే ప్రతిఫలమే పెన్షన్, యజమాని విదిలించే భిక్ష కాదంది. ఏటా డిసెంబరు 17న తెలుగు జిల్లాల్లో పెన్షనర్ల సంఘాలు సభ పెట్టి, పెద్దలకు శాలువాలు కప్పి, నకారాను తలుచుకునేది అందుకే.

హక్కు సరే, డబ్బెక్కడిది? పాత పద్ధతిలో ఉద్యోగి జీతంలో పెన్షన్ కోసం పైసా కోత లేదు, ప్రభుత్వం విడిగా దాచిందీ లేదు. ఈ ఏటి పన్నుల్లోంచి ఈ ఏటి పెన్షన్లు. ఆఖరి మూల వేతనంలో సగం, దానిమీద కరువు భత్యం (డీఏ), వేతన సవరణ (పీఆర్సీ) వచ్చినప్పుడల్లా కొత్త లెక్క, ఆయన పోతే ఆవిడకు ఫ్యామిలీ పెన్షన్. 1990-91లో కేంద్రం పెన్షన్ ఖర్చు 3,272 కోట్ల రూపాయలు, రాష్ట్రాలన్నింటిదీ కలిపి 3,131 కోట్లు. ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి, 2020-21 నాటికి, కేంద్రానిది 1.9 లక్షల కోట్లు దాటింది, రాష్ట్రాలది 3.86 లక్షల కోట్లయింది. ధరలు పెరిగాయి, జీతాలూ పెరిగాయి, నిజమే. అయినా రాష్ట్రాల పద్దు నూట ఇరవై రెట్లకు పైగా ఉబ్బింది. టీచర్లు, పోలీసులు, నర్సులు ఎక్కువమంది ఉండేది రాష్ట్రాల పద్దులోనే మరి.

అలా పుట్టింది 2004 మార్పు. కేంద్రం జనవరి 1 నుంచి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సెప్టెంబరు 1 నుంచి కొత్తగా చేరేవాళ్లకు పాత పెన్షన్ ఎత్తేశాయి. సైన్యాన్ని మాత్రం మినహాయించారు. ఉద్యోగి పది శాతం, ప్రభుత్వం పది శాతం వేస్తే ఆ నిధి మార్కెట్‌లో పెరగాలి. మన ఉద్యోగుల నోట ఈ కంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమే సీపీఎస్. ఆ సెప్టెంబరు 1 తేదీయే డీఎస్సీ-2003లో ఎంపికైన టీచర్లను ఇరవై ఏళ్లుగా వేధిస్తోంది. నోటిఫికేషన్ పాత పెన్షన్ రోజుల్లో వచ్చింది, నియామక పత్రాలు చేతికొచ్చేసరికి గడువు దాటిపోయింది. నకారా చెరిపించిన గీత వంటిదే ఇంకోచోట మొలిచిందన్నది వాళ్ల గోడు.

సీపీఎస్ మీద కోపం ఎందుకో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఆలస్యంగా ఉద్యోగంలో చేరిన ఒకాయన ఖాతాలో రిటైరయ్యేనాటికి 10 లక్షలు పోగయ్యాయనుకుందాం. ఆరు లక్షలు చేతికిస్తారు. మిగతా నాలుగు లక్షలతో బీమా సంస్థ దగ్గర యాన్యుటీ కొనాలి. ఏడాదికి ఆరు శాతం చొప్పున చూసినా నెలకు 2,000 రూపాయలు. దానికి డీఏ లేదు, పీఆర్సీ లేదు. పక్క కుర్చీలో పనిచేసి పాత పెన్షన్‌తో దిగిపోయిన సహోద్యోగికి దీనికి పదిరెట్లకు పైగా వస్తుంటే ఎవరికైనా కడుపు మండదా?

ఆ మంటే ఓట్లయింది. అధికారంలోకొస్తే వారంలో సీపీఎస్ రద్దు చేస్తానని జగన్మోహన్ రెడ్డి 2019 ఎన్నికల ముందు మాటిచ్చారు. 2022 నుంచి రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్, జార్ఖండ్, పంజాబ్, హిమాచల్ ప్రదేశ్ పాత పెన్షన్ బాట పట్టాయి. అప్పటికే కట్టిన సొమ్ము తిరిగివ్వమంటే చట్టం ఒప్పుకోదని కేంద్రం చేతులెత్తేసింది. పాత పద్ధతికి మళ్లితే మొత్తం భారం కొత్త పద్ధతి భారానికి నాలుగున్నర రెట్లు కావచ్చని 2023 సెప్టెంబరు రిజర్వు బ్యాంకు బులెటిన్‌లో ఒక అధ్యయనం తేల్చింది. మొదటి కొన్నేళ్లు మాత్రం తన వాటా కట్టక్కర్లేదు కాబట్టి ప్రభుత్వానికి డబ్బు మిగులుతుంది. ముఖ్యమంత్రులకు అందులోని ఆకర్షణ అంతా ఆ కొన్నేళ్లలోనే ఉంది.

మాటిచ్చిన జగన్ ప్రభుత్వానికి లెక్క అడ్డొచ్చింది. ముందు 33 శాతం హామీ అంది, ఉద్యోగులు ససేమిరా అన్నారు. చివరికి 2023 సెప్టెంబరులో ఆఖరి మూల వేతనంలో సగానికి హామీ ఇచ్చే గ్యారంటీడ్ పెన్షన్ స్కీము (జీపీఎస్) బిల్లును శాసనసభలో గట్టెక్కించుకుంది. వాటా కడుతూనే ఉండాలి, తగ్గింది ప్రభుత్వం పూడుస్తుంది. సంఘాలు తృప్తిపడలేదు. కానీ పెన్షన్ల పరిశీలనకు వేసిన టి.వి.సోమనాథన్ కమిటీ తర్వాత కేంద్రం 2024 ఆగస్టులో ఆమోదించిన ఏకీకృత పెన్షన్ పథకం అదే దారిలో నడిచింది. పాతికేళ్ల సర్వీసుంటే చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో సగం, పదేళ్లుంటే కనీసం 10 వేలు. ఉద్యోగి వాటా పది శాతమే, ప్రభుత్వానిది 18.5 శాతం. ఉద్యోగికి పూచీ ఉంటుంది, ఖజానా నెలనెలా దాచక తప్పదు. ఇప్పటిదాకా వచ్చినవాటిలో కాస్త నిజాయితీ ఉన్న బేరం ఇదే.

రెండు తెలుగు రాష్ట్రాలకూ మరింత నచ్చిన ఉపాయం మాత్రం క్యాలెండర్. విభజన కాగానే 2014లో ఆంధ్రప్రదేశ్ విరమణ వయసు 60 చేసింది, 2022లో 62. తెలంగాణ 2021లో 61 చేసింది. ప్రతిసారీ రిటైర్మెంట్లు రెండు మూడేళ్లు ఆగిపోయి, చెల్లింపులూ ఆగాయి. గడువు తీరి 2024లో మళ్లీ విరమణలు మొదలయ్యేసరికి వాయిదా పడ్డవన్నీ వరసకట్టాయి. సన్మాన పత్రం గోడకు వేలాడదీసుకుని, గ్రాట్యుటీ బిల్లు ట్రెజరీలో ఏ మెట్టుమీద ఆగిందో కనుక్కోవడానికి పొద్దున్నే స్కూటర్ తీసేవాళ్లు తెలంగాణలో ఇప్పుడు ఊరూరా కనిపిస్తారు.

2004లో చేరినవాళ్లలో చాలామంది ఇంకా సర్వీసులోనే ఉన్నారు, అంతకు ముందు చేరి రిటైరైనవాళ్లు పెన్షన్ తీసుకుంటున్నారు. కాబట్టి పాత పెన్షన్లూ కొత్త వాటాలూ రెండూ ఒకే ఖజానా మోయాలి. సీపీఎస్ మొదలైన రోజున పాతికేళ్ల వయసులో ఉద్యోగంలో చేరినవాడు పుట్టింది 1979లో. ఆంధ్రప్రదేశ్ విరమణ వయసును తొలిసారి 55 నుంచి 58కి పెంచిన ఏడాది అది. నేటి నిబంధనే నిలిస్తే అతను ఇంటికి వెళ్లేది 2041లో.