సంస్థానం, సంస్థ, స్థానికం

గద్వాల, వనపర్తి వైపు ‘సంస్థానం’ అన్న మాట వాడుకలో ‘సమస్తానం’గా వినిపించడం కద్దు. నిజాం కాలపు ఇంగ్లీషు దస్తావేజులూ ‘సమస్థాన్’ అనే రాశాయి. వ్యాకర్తలు ఒప్పుకోకపోయినా నాకా పలుకుబడి ఇష్టం. సమస్తమూ ఉన్న చోటు అని అర్థం స్ఫురిస్తుంది. నిజానికి అక్కడున్నదీ అదే. నిజాముకు పేష్కష్ (కప్పం) కడితే, శిస్తూ పోలీసూ న్యాయమూ సంస్థానాధీశుడి చేతిలోనే ఉండేవి.

ధాతువు ‘స్థా’: నిలవడం. ‘సం’ చేరితే కలిసి నిలవడం. స్థానం, సంస్థ, వ్యవస్థ, అవస్థ అన్నీ ఈ ఇంటి పిల్లలే. పారశీకపు ‘స్తాన్’, లాటిన్ సంతతికి చెందిన స్టేషన్, స్టేట్ దూరపు చుట్టాలు. వ్యవస్థ చెదిరితే అవస్థ మిగలడం మనందరి అనుభవం. వ్యాకరణంలో ఆ రెంటికీ తేడా ‘వి’ అనే ఒక్క ఉపసర్గే.

సంస్కృతంలో సంస్థానానికి ఆకారం, అమరిక అన్నవి పాత అర్థాలు. నాలుగు దారులు కలిసే చోటు అని కూడా నిఘంటువులు చెబుతాయి. ‘సంస్థితుడు’ అంటే మరణించినవాడు. ముగింపు తీరును బట్టి సోమయాగాలను ఏడు ‘సోమసంస్థలు’గా లెక్కిస్తారు. నిలవడమూ ముగియడమూ ఒకే మాటలో ఒదిగాయి.

కౌటిల్యుడి అర్థశాస్త్రం తెరిస్తే ఇంకా రుచి. అక్కడ ‘సంస్థ’ అంటే ఒకచోట స్థిరంగా ఉండి సమాచారం సేకరించే వేగు. విద్యార్థి, సన్యాసి, రైతు, వర్తకుడు, తాపసి అని అయిదు వేషాలు. ‘స్థానికుడు’ అంటే జనపదంలో నాలుగో వంతుకు అధికారి. అంటే మనం ‘స్థానిక సంస్థల ఎన్నికలు’ అన్నప్పుడల్లా ఒక అధికారినీ ఒక వేగునూ కలిపి పిలుస్తున్నామన్నమాట!

కౌటిల్యుడి లెక్కలో 10 ఊళ్లకు సంగ్రహణం, 200కు ఖార్వటికం, 400కు ద్రోణముఖం, 800కు స్థానీయం. ఇలాంటి కేంద్రాల్లోనే ‘ధర్మస్థులు’ కూర్చుని తీర్పు చెప్పాలన్నాడు. ఊరికో న్యాయమూర్తిని ఎవరూ పోషించలేరు. కొన్ని ఊళ్లు కలిసి ఒకరిని పంచుకుంటాయి. పరిపాలన పెరిగిన తీరంతా నాకు ఈ పంచుకోవడంలోనే కనిపిస్తుంది.

నాగర్‌కర్నూలు వనపర్తికి పొరుగే అయినా, దాని చరిత్ర మరో భాషలో సాగింది. 1865లో నిజాం దివాను సాలార్‌జంగ్ జిలాబందీ (జిల్లాల ఏర్పాటు) తెచ్చాడు. ‘జిల్లా’ అరబ్బీ మాట, మూలార్థం పక్కటెముక. ‘తాలూకా’ కూడా అరబ్బీయే. సంబంధం, తగులుకొని ఉండటం. దేశం దేహమైతే జిల్లా ఎముక, తాలూకా దాని అతుకు. మొదట నాగర్‌కర్నూలు పేరనే జిల్లా నడిచింది. 1883లో కేంద్రం పాలమూరుకు తరలింది. మళ్లీ 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూలు జిల్లా కేంద్రమైంది. అదే రోజు వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలూ పుట్టాయి.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దుతో సంస్థానం సంస్కృతార్థంలో ‘సంస్థిత’మైంది. సంస్థ మాత్రం నిలిచింది. వనపర్తి రాజప్రాసాదంలోకి 1959లో పాలిటెక్నిక్ వచ్చింది. గద్వాల కోటలో మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేర డిగ్రీ కళాశాల వెలసింది. రాజులు ఖాళీ చేసిన గదుల్లో పాఠాలు మొదలవడాన్ని మించిన అర్థపరిణామం ఏ మాటకు దక్కుతుంది?

ఇప్పుడు మూడు పట్టణాల్లోనూ ‘సమీకృత జిల్లా కార్యాలయాల సముదాయం’ ఉంది. వనపర్తిది 2022లో, తక్కిన రెండూ 2023లో మొదలయ్యాయి. చాలామంది అనుకున్నట్టు ‘సమీకృత’లో ఉన్నది ‘సం’ కాదు, ‘సమ’. సమం చేసిన అని అర్థం. గణితంలోని సమీకరణానిదీ అదే పుట్టుక. శాఖలను ఒక్క కప్పు కిందికి చేర్చడానికి ఆ మాట కాస్త బిగుతుగానే ఉంది.

పేరు పెట్టమంటే నేను నిఘంటువులోని ఆ నాలుగు దారుల సంస్థానాన్నే బయటికి తీసేవాణ్ణి. రెవెన్యూ, వ్యవసాయం, విద్య, సంక్షేమం కలిసే చోటుకు అది చక్కగా అమరుతుంది. అయితే గద్వాలలోనూ వనపర్తిలోనూ ఆ మాట ఇంకా రాజులదే. దాన్ని జనం వాళ్ల దగ్గర్నుంచి తీసుకోవడానికి మరో తరం పడుతుంది.