మోటార్‌సైకిల్ ఎయిర్ ఫిల్టర్: చవక రకాల ఎంపిక

మోటార్‌సైకిల్ ఇంజిన్ పీల్చుకునే గాలిలోంచి దుమ్మును పట్టి ఆపే భాగం ఎయిర్ ఫిల్టర్. సీటు కిందో, సైడ్ కవర్ వెనకో ఉండే ప్లాస్టిక్ పెట్టెలో ఇది కూర్చుంటుంది. దాని అవతల పాత బళ్లలో కార్బురేటర్, బీఎస్6 కాలుష్య ప్రమాణాల బళ్లలో థ్రాటిల్ బాడీ ఉంటాయి. సర్వీసింగ్‌లో మార్చే సామానులో ఇంజిన్ ఆయిల్ తర్వాత ఎక్కువగా బేరం జరిగేది దీని దగ్గరే. కంపెనీ ముద్ర ఉన్నది కొనాలా, ‘లోకల్’ వేయించాలా అన్న ప్రశ్న స్ప్లెండర్, షైన్, పల్సర్ లాంటి రోజువారీ బళ్లు నడిపేవాళ్లందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది.

‘లోకల్’ అన్న ఒక్క మాట కింద మెకానిక్ షెడ్డులో మూడు వేర్వేరు సరుకులు నడుస్తాయి. యూనో మిండా, వరోక్, ఎలోఫిక్ లాంటి విడిభాగాల సంస్థలు సొంత పేరుతో, సొంత డబ్బాలో అమ్మేవి ఒక రకం. ఏ పేరూ లేకుండా ప్లాస్టిక్ కవరులో వచ్చేవి రెండో రకం. బండి కంపెనీ డబ్బాను అచ్చు గుద్దినట్టు తయారుచేసి అందులో పెట్టి అమ్మేవి మూడోది. దీన్ని లోకల్ అనకూడదు, డూప్లికేట్ అనాలి. మొదటి రకం నిజమైన ప్రత్యామ్నాయం. రెండోది చేతిలోకి తీసుకుని చూసి తేల్చుకోవలసింది. మూడోదాన్ని కొన్నవాడు అసలు ధరే చెల్లిస్తాడు కాబట్టి, చవక అన్న లాభం కూడా అక్కడ లేదు.

గాలి లెక్క

పెట్రోలు సరిగ్గా మండాలంటే దాని బరువుకు దాదాపు 14.7 రెట్ల గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. దానికి పట్టే గాలి సుమారు 11 కిలోలు, అంటే 9,000 లీటర్ల పైచిలుకు. లీటరుకు 60 కిలోమీటర్లు ఇచ్చే బండి 12,000 కిలోమీటర్లు తిరిగేసరికి 200 లీటర్ల పెట్రోలు తాగుతుంది, 18 లక్షల లీటర్ల గాలి పీలుస్తుంది. ఘనపు మీటర్లలో 1,800. అంత గాలీ అరచేతి పాటి కాగితపు మడతల గుండానే పోవాలి.

ఈ గాలిలో ఘనపు మీటరుకు ఒక్క మిల్లీగ్రాము దుమ్ము ఉందనుకుందాం. మొత్తం 1.8 గ్రాములవుతుంది. నూటికి 99 వంతులు ఆపే ఫిల్టర్ అయితే అందులో 18 మిల్లీగ్రాములు ఇంజిన్‌లోకి జారతాయి. 97 వంతులే ఆపితే 54 జారతాయి. చెప్పుకోవడానికి రెండు శాతం తేడా, ఇంజిన్ తినే దుమ్ము మాత్రం మూడింతలు. ఫిల్టర్ ఎంత ఆపిందని కాదు, ఎంత వదిలిందని అడగాలి.

దుమ్ములన్నీ ఒకటి కావు

తలవెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు. పిస్టన్ రింగుకూ సిలిండర్ గోడకూ మధ్య నిలిచే ఆయిల్ పొర కొద్ది మైక్రాన్లే. అందుకే కంటికి కనిపించే ఇసుక రేణువు కన్నా, 5 నుంచి 20 మైక్రాన్ల మధ్య ఉండే మెత్తటి ధూళి ఇంజిన్‌కు ఎక్కువ చేటు. అది ఆ పొరలోకి దూరి, ఉప్పుకాగితం రుద్దినట్టు రెండు వైపులా గీస్తుంది.

దుమ్ము దేనిదన్నది కూడా ముఖ్యమే. ఖనిజాల కాఠిన్యాన్ని కొలిచే మోస్ స్కేలు మీద క్వార్ట్జ్‌ది 7, సున్నపురాయిలోని కాల్సైట్‌ది 3. కరీంనగర్ గ్రానైట్ క్వారీల దారిలో తిరిగే బండి పీల్చేది క్వార్ట్జ్ కలిసిన ధూళి. సిలిండర్ ఇనుము దాని ముందు నిలవదు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల మధ్య తిరిగే బండి పీల్చే పొడి మెత్తన, కానీ చెమ్మ తగిలితే కాగితం మీద పెచ్చు కడుతుంది. మొదటి చోట ఫిల్టర్‌లో సందు ఉంటే ఇంజిన్ అరుగుతుంది, రెండో చోట ఫిల్టరే ముందు మూసుకుపోతుంది. రైసుమిల్లు దగ్గర ఎగిరే తవుడు, ఊక నలుసులు కూడా ఈ రెండో జాతివే. క్వారీ దారిలో తిరిగేవాడు ఎంత పీనాసి అయినా పేరులేని ఫిల్టర్ జోలికి పోకపోవడం మంచిది. మెత్తటి దుమ్ము ఊళ్లో ఉండేవాడు మంచి బ్రాండు చవక ఫిల్టర్‌ను తొందర తొందరగా మార్చుకుంటే సరిపోతుంది.

దుమ్ము తిన్న ఇంజిన్ వెంటనే మొరపెట్టుకోదు. కొన్ని నెలలకు ఆయిల్ తాగడం మొదలవుతుంది, సైలెన్సర్ నుంచి నీలిపొగ వస్తుంది, కిక్ కొడితే కాలికి తగలాల్సిన బిగువు తగలదు. అప్పుడు లేత్‌కు పంపి బోరు చేయించి, పిస్టన్, రింగులు మార్చాలి. వందల్లో మిగిల్చింది వేలల్లో పోతుంది. ఏడాది కిందట వేసిన ఫిల్టర్ మీద అప్పటికి ఎవరికీ అనుమానం రాదు.

రకాలు

ఫోమ్ ఫిల్టర్ పాతకాలపు బళ్లలో ఎక్కువ. స్పాంజిలాంటి ఈ ముక్కను ఆయిల్‌తో తడిపితేనే అది దుమ్ము పడుతుంది, పొడిగా బిగిస్తే సగం పని కూడా చేయదు. కిరసనాయిలులో కడిగి, మెలిపెట్టకుండా నొక్కి పిండి, నీడలో ఆరబెట్టి, ఆయిల్ పట్టించి, మిగులు ఆయిల్ మళ్లీ పిండేయాలి. నాసిరకం ఫోమ్ వేడికి, పెట్రోలు ఆవిరికి పెళుసెక్కి రాలుతుంది. ఆ తునకలు దుమ్ము కన్నా ముందే లోపలికి పోతాయి.

పొడి కాగితపు ఫిల్టర్ మడతలు మడతలుగా ఉంటుంది. తక్కువ పీడనంతో, శుభ్రమైన వైపు నుంచి బయటికి గాలి కొట్టి కొన్నిసార్లు వాడుకోవచ్చు.

ఇప్పటి కమ్యూటర్ బళ్లలో, స్కూటర్లలో చాలావాటికి వచ్చేది విస్కస్ ఫిల్టర్. చూడటానికి కాగితమే, కానీ తయారీలోనే దానికి దుమ్మును అంటించుకునే ఆయిల్ పట్టించి ఉంటుంది. దీన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు, కాలం తీరాక పారేయాలి. మాన్యువల్‌ను బట్టి ఆ గడువు చాలా బళ్లకు 12,000 నుంచి 16,000 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. దుమ్ము దారుల్లో ముందే. సర్వీసింగ్‌లో ‘ఫిల్టర్ కొట్టించాను’ అని మెకానిక్ చెప్పేది చాలాసార్లు ఈ కొట్టకూడని ఫిల్టర్ గురించే. పెట్రోలులో ముంచి తీయడం ఇంకా ఘోరం. ఉన్న ఆయిల్ పోతుంది, మడతలను పట్టి ఉంచే జిగురు కరుగుతుంది, పక్కన సిగరెట్ వెలిగితే షెడ్డే పోతుంది.

నూలు గుడ్డ పొరలకు ఆయిల్ పట్టించి చేసే ఫిల్టర్లు నాలుగోవి. 1969లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మొదలైన కే అండ్ ఎన్ సంస్థ వీటికి పేరు తెచ్చింది. కడిగి మళ్లీ ఆయిల్ పట్టించుకుంటూ ఏళ్ల తరబడి వాడవచ్చు కాబట్టి, ధర వేలల్లో ఉన్నా లెక్కలో చవకేనని వాదిస్తారు. పెద్ద బళ్లకు ఆ వాదన కొంత నిలుస్తుంది. ఎనిమిది గుర్రాల బలం ఉన్న 97.2 సీసీ స్ప్లెండర్‌కు అంత సొమ్ము పెట్టి సాధించేది శబ్దం తప్ప పెద్దగా ఏమీ లేదు. ఫిల్టర్ పెట్టెనే పీకేసి కోన్ ఫిల్టర్ తగిలిస్తే, జెట్ మార్చని కార్బురేటర్ బండిలో గాలి ఎక్కువై, మిశ్రమం పలచబడి, ప్లగ్ తెల్లబారి ఇంజిన్ వేడెక్కుతుంది.

జల్లెడ కాదు

ఫిల్టర్‌ను జల్లెడ అనుకోవడం వల్లే చాలా పొరపాట్లు జరుగుతున్నాయి. కాగితంలోని సందులు చాలా ధూళికణాల కన్నా పెద్దవే. బరువైన కణం గాలితో పాటు మలుపు తిరగలేక పీచుకు గుద్దుకుని అతుక్కుంటుంది. మరీ సన్నటివి అటూఇటూ ఊగిసలాడుతూ పీచుకు తగులుతాయి. అలా చిక్కిన దుమ్మే పొరగా మారి, వెనక వచ్చే దుమ్మును ఆపుతుంది. అంటే కాగితపు ఫిల్టర్ కొత్తగా ఉన్న మొదటి రోజుల్లోనే ఎక్కువ దుమ్ము వదులుతుంది, కొంచెం మురికి పట్టాక మెరుగుపడుతుంది. నెలనెలా తీసి దులిపేవాడు శ్రద్ధ చూపిస్తున్నాననుకుంటాడు గానీ, ఆ మంచి పొరను ప్రతిసారీ తీసేస్తున్నాడు. తీసి పెట్టిన ప్రతిసారీ సీలు కూడా కొంత నలుగుతుంది.

ఎంత దుమ్ము ఆపుతుందో కొలవడానికి ఐఎస్ఓ 5011 అనే అంతర్జాతీయ పరీక్షా పద్ధతి ఉంది. అందులో వాడే దుమ్ముకు ఐఎస్ఓ 12103-1 అని మరో ప్రమాణం. అమెరికాలోని అరిజోనా ఎడారి మట్టిని పరిమాణాల వారీగా వేరుచేసి తయారుచేస్తారు. చవక ఫిల్టర్ డబ్బా మీద ‘హై ఎఫిషియెన్సీ’ అని పెద్ద అక్షరాలుంటాయి. ఏ దుమ్ముతో, ఎంత గాలి వదిలి చూశారో ఉండదు. కాబట్టి కొనేవాడికి మిగిలింది కళ్లూ వేళ్లే.

చేతిలోకి తీసుకుని

అందరూ ముందు కాగితం చూస్తారు. చూడవలసింది అంచు. కాగితం ఎంత గొప్పదైనా, ఫిల్టర్‌కూ పెట్టెకూ మధ్య ఒక మిల్లీమీటరు సందు ఉంటే గాలి సులువైన ఆ దారినే వెతుక్కుంటుంది. 20 మైక్రాన్ల ధూళికణానికి మిల్లీమీటరు సందు తన ఒంటి కన్నా 50 రెట్లు వెడల్పైన గుమ్మం. పేరున్న తయారీదారు అంచుకు మెత్తటి పాలీయురేథేన్ పోత పోస్తాడు. బొటనవేలి గోరుతో నొక్కి వదిలితే అది మెల్లగా మునుపటి రూపానికి రావాలి. నొక్కిన గుర్తు అలాగే ఉండిపోయినా, అసలు నొక్కుడే పడనంత గట్టిగా ఉన్నా ఆ ఫిల్టర్ వద్దు. పలచటి స్పాంజి పట్టీ అంటించినవి కొన్ని వస్తాయి. పట్టీ రెండు కొసలూ కలిసే చోట చూస్తే సందు అక్కడే దొరుకుతుంది.

పాత ఫిల్టర్‌ను దుకాణానికి తీసుకెళ్లడం అన్నిటికన్నా మేలైన ఉపాయం. రెండిటినీ పక్కపక్కన పెట్టి మడతలు లెక్కపెట్టాలి. పాతదానికి 60 మడతలుండి, అదే లోతు ఉన్న కొత్తదానికి 45 ఉంటే పావు వంతు కాగితం మిగుల్చుకున్నారన్నమాట. తొలిరోజు బండి నడకలో తేడా తెలియదు, మూసుకుపోవడం మాత్రం పావు వంతు కన్నా ఎక్కువే ముందుకు జరుగుతుంది. ఉన్న కాగితం మీద గాలి వేగంగా దూసుకెళ్లాలి కదా. తర్వాత మొబైల్ టార్చి ఒక వైపు వెలిగించి రెండో వైపు నుంచి చూడాలి. అంతా ఒకేలా మసక వెలుగు కనిపించడం సహజం. సూదిమొనలా మెరిసే చుక్క కనిపిస్తే అది చిల్లు. మడతల చివర్లు జిగురులో మునగని చోట్ల ఈ చుక్కలు ఎక్కువ.

బండికి విస్కస్ రకం రావాల్సి ఉంటే వేలితో తాకి చూడాలి. జిడ్డు తగలాలి, కాస్త నూనె వాసన ఉండాలి. అదే ఆకారంలో పొడి కాగితం పెట్టి అమ్మే చవక సరుకు కొత్త కాదు. అది బొత్తిగా పనికిరానిదని కాదు, కానీ దాని గడువు విస్కస్ గడువు కాదు. మాన్యువల్‌లోని కిలోమీటర్లు దానికి వర్తించవు.

మోడల్ పేరు చెప్పి కొనడం కూడా ప్రమాదమే. స్ప్లెండర్ 1994 నుంచి వస్తోంది. ఒకే పేరుతో బీఎస్3, బీఎస్4, బీఎస్6 బళ్లు తిరుగుతున్నప్పుడు లోపలి పెట్టె ఒకేలా ఉండాలని లేదు. సంవత్సరం చెప్పాలి, వీలైతే పార్ట్ నంబరు చూడాలి. ‘కొంచెం నొక్కితే కూర్చుంటుంది’ అని కౌంటరు వెనక నుంచి వినిపిస్తే అది ఆ బండి ఫిల్టర్ కాదు.

డూప్లికేట్ల విషయంలో డబ్బా చదవడమే మొదటి కాపు. 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమాడిటీస్ నిబంధనల ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర, ఫిర్యాదు చేయడానికి ఫోను నంబరు ఉండాలి. ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం నకిలీ ముద్ర వేయడం ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలుకు పంపగల నేరం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, ఢిల్లీ కరోల్‌బాగ్‌లోనైనా బిల్లు అడిగితే ముఖం ఎలా మారుతుందో చూస్తే సగం తెలిసిపోతుంది.

మైలేజీ మాట

‘ఫిల్టర్ మార్చితే మైలేజీ పెరుగుతుంది’ అన్నది కార్బురేటర్ కాలపు మాట. ఫిల్టర్ మూసుకుపోతే అక్కడ గాలి తగ్గి, పెట్రోలు ఎక్కువై, ప్లగ్ నల్లబడేది. 2020 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన బీఎస్6తో కమ్యూటర్ బళ్లలోకి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. ఆక్సిజన్ సెన్సర్ గాలి తగ్గడం కనిపెట్టి, పెట్రోలును ఆ మేరకు కోసేస్తుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో కార్ల మీద చేసిన పరీక్షలో తేలిందీ ఇదే: ఇంజెక్షన్ ఇంజిన్లలో ఫిల్టర్ మూసుకుపోయినా ఇంధనం ఖర్చు చెప్పుకోదగినంత మారలేదు, వేగం అందుకోవడం మందగించింది. కొత్త బండిలో పికప్ తగ్గిందని తోచేదాకా ఆగడం తప్పు, మైలేజీ పడిపోలేదు కదా అని ఆగడమూ తప్పు. కిలోమీటర్లు చూసి మార్చాలి.

బిగించాక

కొత్త ఫిల్టర్ పెట్టే ముందు పెట్టె లోపలి దుమ్మును తడిగుడ్డతో తుడవాలి. ఊదితే అది ఇంజిన్ వైపు గొట్టంలోకే పోతుంది. పెట్టె అడుగున ఉండే చిన్న డ్రెయిన్ గొట్టంలో ఆయిల్, నీరు నిలిచి ఉంటే వదిలేయాలి. ఇంజిన్ లోపలి ఆవిరిని వదిలే బ్రీదర్ గొట్టం ఈ పెట్టెలోకే వస్తుంది కాబట్టి, ఆయిల్ గీత దాటేలా పోసిన బండిలో కొత్త ఫిల్టర్ కూడా వారంలో నూనెలో నాని కనిపించవచ్చు. తప్పు ఫిల్టర్‌ది కాదు. సైడ్ కవర్ స్క్రూలు అన్నీ ఉన్నాయో లేదో చూడాలి. నాలుగింటికి మూడే ఉండటం షెడ్డుల్లో మామూలు.

చవక ఫిల్టర్ వేసినవారు 500 కిలోమీటర్ల తర్వాత ఒకసారి పెట్టె తెరవాలి. సీలు ఆనిన అంచు చుట్టూ తెగకుండా ఒకే గీత పడి ఉంటే అది బాగా కూర్చున్నట్టు. ఎక్కడైనా గీత తెగి, అక్కడి నుంచి శుభ్రమైన వైపుకు విసనకర్రలా దుమ్ము చార కనిపిస్తే గాలి దొంగదారి పట్టినట్టు. తర్వాత కార్బురేటర్ వైపు రబ్బరు గొట్టంలో వేలు పెట్టి తుడిచి, బొటనవేలికి రాయాలి. నల్లగా, నున్నగా జారితే అది బ్రీదర్ నుంచి వచ్చిన ఆయిల్ జిడ్డే. గరగరమంటే ఆ ఫిల్టర్‌ను ఆ పూటే తీసేయాలి.