బిళ్ళగన్నేరు ఋణం

మొన్న నాచారంలో మా వాకిట కలుపు తీస్తున్న పనివాడు బిళ్ళగన్నేరును కూడా పీకబోయాడు. వారించాను. కారణమడిగాడు, ఇదీ నా సమాధానం.

ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్. అందుచేత అమరకోశంలో దీనికై వెదకడం వృథా. జమైకాలో మధుమేహానికి దీని ఆకుల కషాయం త్రాగేవారు. 1952లో ఆ ఆకులు కెనడాలోని రాబర్ట్ నోబుల్‌కు చేరాయి. ఆ రసాన్ని ఎలుకలకు ఎక్కిస్తే చక్కెర తగ్గలేదు, తెల్ల రక్తకణాలు తగ్గాయి! తెల్లకణాలు పెచ్చుపెరిగే రక్తక్యాన్సర్‌కు ఇదే మందు కారాదా అన్న ఆలోచన అక్కడ పుట్టింది. 1958లో నోబుల్, చార్లెస్ బీర్ వింబ్లాస్టీన్‌ను ప్రకటించారు. పిదప ఎలై లిల్లీ సంస్థలో వింక్రిస్టీన్ వెలువడింది. టన్ను ఎండుటాకుకు అది దక్కేది కొన్ని గ్రాములే.

1984లో పుణెలోని జాతీయ రసాయన ప్రయోగశాల సహకారంతో సిప్లా ఈ రెండింటినీ మన దేశంలో రూపొందించింది. ఆ ప్రయోగశాలలో పనిచేసిన గుంటూరువారు ఎ.వి. రామారావు గారు 1985లో మా ఉప్పల్ రోడ్డులోని నేటి ఐఐసీటీకి సంచాలకులై వచ్చారు.

1990లలో నా తరగతి బాలుడొకడు రక్తక్యాన్సర్‌తో బడి మానాడు. రెండేళ్ళకు తిరిగివచ్చి, హాజరు పిలువగా "ప్రెజెంట్ సార్" అన్నాడు. అతనికిచ్చిన మందులలో వింక్రిస్టీన్ ఒకటి.

మిత్రులారా, పచ్చి ఆకు విషం, నమలకండి. మొక్కను మాత్రం పీకకండి.